ఉమ్మడి గోడ

వీధి వైపు పదహారు అడుగులు,
లోపలికి నూట ముప్పై ఎనిమిది.
రైలు పెట్టెలాంటి ఇల్లు.
పగడపు వర్తకుల వీధిలో దీన్ని కూల్చకూడదని
సర్కారువారి జాబితాలో ఒక నంబరుంది.
పక్కింటికి ఆ నంబరు లేదు.
అందుకని మే నెలలో, పదకొండు రోజుల్లో,
పక్కిల్లు లేదు.

నేను కొలతలు తీసేదాన్ని.
టేపు ఒక కొస నా చేతిలో,
రెండో కొస పెంచలయ్య మేస్త్రీ బొటనవేలి కింద.
ముందు మంచి సంగతులే రాసుకున్నాను:
రెండు వేళ్ళ మందం ఇటుకలు,
పైకప్పులో బర్మా టేకు వాసాల మీద
ఏటవాలుగా, అంచు మీద నిలబడ్డ వరసలు,
మేకు లేదు, ఇనుము లేదు,
ఒకదాని భుజం ఒకటి నొక్కుకుని
మూడు తరాల వడియాలను ఎండలో మోసినవి.
తొట్టివాకిలి స్తంభాలకు గుడ్డుసొన కలిపిన సున్నం.
మిట్టమధ్యాహ్నం చెంప ఆనిస్తే
కుండ అడుగున చెయ్యి పెట్టినట్టుంది.
"ఎన్ని గుడ్లు పట్టుంటాయండీ?" అన్నాను.
సుందరవదనం శెట్టిగారు అటూ ఇటూ చూశారు.
"మాది అలాంటి ఇల్లు కాదమ్మా,
అది మాత్రం రాయకండి."

తర్వాత బయటికొచ్చి ఉత్తరపు గోడ ముందు నిలబడ్డాను.

అది బయటి గోడ కాదు.
ఎన్నడూ కాదు.
పక్కింటి మెట్లు ఇంకా దాని మీద ఎక్కుతున్నాయి,
మెట్లు లేకుండా, ఉత్త రంపపు పళ్ళ గీతగా.
భుజం ఎత్తు దాకా ఆకుపచ్చ ఆయిల్ పెయింటు,
ఆ పైన నీలిమందు కలిపిన వెల్ల.
రెండో అంతస్తు ఎత్తున, గాలిలో, ఒక గూడు.
గూటి కప్పుకు దీపం మసి.
అక్కడ చెయ్యి పెట్టాలంటే
ఇప్పుడు కాకికే సాధ్యం.

పెంచలయ్య తాపీ పిడితో తట్టి చెవి ఆనించాడు.
"రెండు గోడలు కావమ్మా, ఒకటే.
అడ్డ ఇటుకలు చూడండి,
తల ఈ ఇంట్లో, కాళ్ళు ఆ ఇంట్లో.
ఒకే చెయ్యి ఒకే దినాన లేపింది.
మిషను తెచ్చి కాళ్ళు కోసేసినారు."

నా పటంలో లోపలి గోడ సన్నగీత,
బయటి గోడ లావుగీత.
ఆ సాయంత్రం సన్నగీత చెరిపి లావుగా దిద్దాను.
గీత లావైంది.

శెట్టిగారి లెక్క వేరే.
ఆయనది శుభలేఖల కాగితం, హోల్‌సేలు.
పక్కింట్లో ఇంగువ మండీ.
ఇరవై ఆరేళ్ళు దావా నడిచింది:
ఏ పెళ్ళిపిలుపు విప్పినా చారు వాసనట,
తిరువళ్ళూరులో ఒకాయన కట్టలు కట్టలే తిప్పి పంపాడట.
గెలిచారు, ఓడారు, మళ్ళీ వేశారు.
"ఇప్పటికి హాయి" అన్నారు,
గోడకేసి చూడకుండా.

బనియన్ల కంపెనీ మనిషి వచ్చి
గోడంతా బొమ్మ వేస్తాం, నెలకింత అన్నాడు.
మేనల్లుడు సిమెంటు అన్నాడు, రెండ్రోజుల పని.
"సిమెంటు వేస్తే దీనికి ఊపిరాడదు" అని
పెంచలయ్య పెరట్లో నాలుగు డ్రమ్ములు దించాడు:
కరక్కాయ, బెల్లం నీళ్ళు, గుమ్మి సున్నం.
అవి పులియాలి. మూడు వారాలు.
నురగ చూసి, వేలు ముంచి, నాలికకు రాసుకుని
"ఇంకా కాలేదు" అనేవాడు
వంటవాడిలా.

ఐప్పసి వాన మూడు వారాలు ఆగలేదు.
టార్పాలిన్ ఎగిరి హార్బరు వైపు పోయింది.
పూత లేని గోడ
తెల్లవార్లూ నిలబడి తాగింది.

పొద్దున షట్టరెత్తగానే ఇంగువ.
కాగితం మీద, గల్లాపెట్టె మీద,
మెట్ల మలుపులో, నా టేపు మీద కూడా.
ఇటుకలు ఎన్నేళ్ళుగా దాచుకున్నాయో,
తడవగానే అంతా బయట పెట్టాయి.

శెట్టిగారు ఒక కట్ట విప్పారు.
ఒక కార్డు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.
చాలాసేపు.
మళ్ళీ కట్టలో దోపి దారం ముడేశారు.

"పూత ఇవాళే మొదలెట్టాలా మేస్త్రీ?"

"తడి ఆరాలి గదయ్యా ముందు" అన్నాడు పెంచలయ్య,
డ్రమ్ము మీద మూత సర్దుతూ.